పాత సోఫాకు గిలాఫ్: కుట్టే ముందే బట్ట ఉతకాలి

భువనగిరి నుంచి హైదరాబాద్ గంట, గంటన్నర ప్రయాణం. జుమేరాత్ బజార్‌లోనో, ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్ల దగ్గరో పాత సోఫా దొరికితే ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. రంజాన్ ముందు, ఇంట్లో పెళ్లి మాటలు నడిచేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. కర్ర గట్టిగానే ఉంటుంది, ధర తక్కువ. ఇబ్బంది అంతా పైబట్టతోనే. ఎవరి ఇంట్లో ఎన్నేళ్లు వాడారో తెలియదు. ఆ బట్ట ఫ్రేముకు మేకులతో బిగించి ఉంటుంది కాబట్టి విప్పి ఉతికే వీలు లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఉత్త మురికితో పోయే విషయం కాదు. బాబు సోఫా మీద పాసు పోస్తే పైపైన తుడిచి వదిలేస్తారు, ఫోమ్ మాత్రం లోపల తడిగానే ఉంటుంది. హనఫీ మసాయిల్ ప్రకారం కంటికి కనబడని నజాసత్ అంటిన బట్టను మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండితే పాక్ అవుతుంది. ఫోమ్ దిండును అట్లా పిండేదెట్లా? పైన విప్పదీసే గిలాఫ్ ఉంటే బకెట్లో వేసి కడగొచ్చు. తెలుగిళ్లలో దిండుకు తొడిగే ‘గలీబు’ కూడా ఈ గిలాఫ్ మాట నుంచి వచ్చిందే. ఎవరి ఇంట్లోనైనా దిండుకు గలీబు తప్పనిసరి, సోఫాకు మాత్రం ఎందుకో అవసరం అనిపించదు.

అయితే బట్ట కొనకముందు ఒక పని ఉంది. సోఫాను తిరగేసి, అడుగున కొట్టిన నల్లబట్ట ఒకవైపు విప్పి టార్చ్ వేసి చూడాలి. దిండ్ల కుట్ల వెంట, కర్ర కీళ్లలో నల్లటి చిన్న చుక్కలు, పొట్టులాంటివి కనబడితే నల్లులున్నట్టే. తిండి లేకున్నా నల్లి నెలల తరబడి బతుకుతుంది. దాని మీద గిలాఫ్ తొడిగితే దానికి ఇల్లు కట్టిచ్చినట్టే. మందు కొట్టించి, రెండు మూడు వారాలు చూసి, మళ్లీ రాలేదని తేలాకే లోపలికి తేవాలి. మరీ ఎక్కువ ఉంటే ఆ సోఫా ఎంత చవకైనా వద్దు.

ఇక బట్ట. కాటన్ గట్టిగా, మందంగా ఉండాలి. పరదాల దుకాణాల్లో దొరికే కేస్‌మెంట్, మ్యాటీ రకాలు సరిపోతాయి. జిల్లాలోనే ఉన్న పోచంపల్లి ఇక్కత్ కాటన్ దుప్పట్లు కూడా ఈ పనికి బాగుంటాయి. ఎవరైనా పట్టు ఇక్కత్ సూచిస్తే వినకండి, ఉతకలేని గిలాఫ్‌తో ఏం లాభం? ఇక్కత్‌లో దారానికే రంగు అద్ది నేస్తారు. కాబట్టి ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు అంటితే వేరుగా ఉతకాల్సిందే.

చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. కొత్త కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల వరకు కుంచించుకుపోతుంది. 22 అంగుళాల దిండుకు సరిగ్గా కుట్టిన గిలాఫ్ ఉతికి ఆరేశాక దాదాపు అంగుళం తగ్గితే మళ్లీ ఎక్కదు, జిప్ తెగుతుంది. అందుకే కత్తెర పెట్టకముందే బట్టను రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి.

లెక్క చూద్దాం. 22 అంగుళాల చదరపు దిండు, 5 అంగుళాల మందం అనుకోండి. అన్ని వైపులా అరంగుళం కుట్టు మార్జిన్ వదిలితే పైకీ కిందికీ 23 అంగుళాల చదరం ముక్కలు రెండు కావాలి. దిండు చుట్టుకొలత 88 అంగుళాలు. జిప్ వెనకవైపు పూర్తిగా, రెండు మూలలూ దాటి చెరో 3 అంగుళాలు పోవాలి. అంటే జిప్ పట్టీ 28, మిగిలిన పట్టీ 60. మార్జిన్ కలిపితే 29, 61. పట్టీ వెడల్పు 6. జిప్ పట్టీకి మాత్రం 4 అంగుళాల వెడల్పువి రెండు ముక్కలు కత్తిరించి, ఒక్కో దాంట్లో అంగుళం లోపలికి మడవాలి. 54 అంగుళాల పన్నా ఉన్న బట్టలో, పొడవు పట్టీకి ఒక అతుకు వేస్తే, ఇదంతా మీటరులో సరిపోతుంది. కుంచించుకుపోయేదానికి ఇంకో పది సెంటీమీటర్లు కలపండి. ఐదు దిండ్ల సెట్టుకు ఐదున్నర మీటర్లు. గీతలు, పువ్వులు ఒకదానికొకటి కలవాలంటే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

జిప్‌ను మూలలు దాటించడం దండగ అనిపిస్తుంది. కానీ ఫోమ్‌ను మడిచి దూర్చాలంటే నోరు వెడల్పుగా తెరుచుకోవాలి. కుట్టేటప్పుడు జిప్ ముందు, తర్వాత పట్టీలన్నీ కలిపి చుట్టు, ఆ తర్వాత పైముక్క, చివరికి అడుగు ముక్క. అడుగు ముక్క కుట్టేముందు జిప్‌ను సగం తెరిచి ఉంచాలి, లేకుంటే గిలాఫ్‌ను తిప్పడానికి దారి ఉండదు. మూలల దగ్గర పట్టీ మార్జిన్‌లో చిన్న గాటు పెడితే బట్ట ముడత లేకుండా తిరుగుతుంది. 16 నంబర్ సూది, పాలిస్టర్ దారం వాడాలి. లోపలి అంచులకు ఓవర్‌లాక్ చేయించకపోతే పది ఉతుకులకే పోగులు ఊడతాయి.

వెన్ను, చేతులు ఫ్రేముకే ఉంటాయి కాబట్టి కొలతల కంటే పాత చద్దర్ మేలు. చద్దర్‌ను తిరగేసి సోఫా మీద పరిచి, ఒంపులకు పిన్నులు పెట్టి, సుద్దతో గీసుకుంటే అదే నమూనా. వెన్ను, సీటు కలిసేచోట ఆరు అంగుళాల బట్ట అదనంగా వదిలి లోపలికి దోపాలి. కింద నాడాలు పెట్టి కాళ్లకు కడితే పిల్లలు ఎక్కి దూకినా జారదు.

పసిపిల్లలుంటే సీటు దిండు మీద, గిలాఫ్ లోపల మోమ్‌జామా ముక్క పరిస్తే తడి ఫోమ్‌లోకి దిగదు. దిండును మొత్తం చుట్టేయొద్దు, అడుగున గాలి ఆడాలి.

ఇందులో ఏదీ మామూలు కుట్టు మిషన్ చేయలేని పని కాదు. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ పంచిన మిషన్లు, జహేజ్‌లో వచ్చినవి ఎన్నో ఇళ్లలో బ్లౌజులకే పరిమితమై ఉన్నాయి. ఆర్డర్ తీసుకునేవాళ్లు బట్ట తడిపి ఆరేసే పని, జిప్, ఓవర్‌లాక్ ఖర్చు ముందే ధరలో వేసుకోవాలి. గిరాకీ సొంత బట్ట తెస్తే, ఉతికి తెచ్చారా అని మొదట అడగాలి.