రక్తం ముందుగా చెప్పే మాట: సెప్సిస్‌ను సకాలంలో గుర్తిద్దాం



మన ఆళ్లగడ్డ ప్రాంతంలో రాతి శిల్పాలు చెక్కేవారికి, పొలం పనులకు వెళ్లేవారికి చేతికో కాలికో చిన్న గాయం తగలడం మామూలే. కాస్త పసుపు అద్ది, గుడ్డ కట్టుకొని మళ్లీ పనిలో పడతారు. చాలా గాయాలు మానిపోతాయి. అయితే కొన్నిసార్లు ఆ గాయమే, లేదా మూత్రంలో మంట, నిమోనియా, కాన్పు తర్వాత వచ్చిన జ్వరం చినికి చినికి గాలివాన అవుతుంది. వైద్యులు దీనినే సెప్సిస్ అంటారు.

సెప్సిస్ అంటే ఏమిటి?

క్రిములతో పోరాడటానికి దేవుడు మన శరీరానికి రోగనిరోధక శక్తినిచ్చాడు. సెప్సిస్‌లో ఆ పోరాటం అదుపు తప్పి మన మూత్రపిండాలను, ఊపిరితిత్తులను, గుండెను, మెదడును దెబ్బతీస్తుంది. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందని, అందులో దాదాపు 1 కోటి 10 లక్షల మంది మరణించారని 2020లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అంచనా. పసిపిల్లలు, బాలింతలు, వృద్ధులు, షుగరు లేదా కిడ్నీ జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

రక్తపరీక్షలు ఎందుకు?

ఏ క్రిమి వల్ల జబ్బు వచ్చిందో తెలుసుకోవడానికి బ్లడ్ కల్చర్ చేస్తారు. రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూడాలి కనుక ఫలితానికి సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. సెప్సిస్ అంతకాలం ఆగదు. అందుకే క్రిమి దొరకకముందే, దానికి శరీరం ఎలా స్పందిస్తున్నదో తెలిపే పరీక్షలు ఉపయోగపడతాయి.

సి.ఆర్.పి.: ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఇది. 1930లో న్యూయార్క్‌లో నిమోనియా రోగుల రక్తంలో దీనిని కనుగొన్నారు. జబ్బు మొదలైన కొన్ని గంటలకు పెరగడం ఆరంభించి, దాదాపు రెండు రోజులకు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అయితే దెబ్బలు, ఆపరేషన్లు, కీళ్లవాతం వల్ల కూడా ఇది పెరుగుతుంది.

ప్రోకాల్సిటోనిన్: తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో ఇది పెరుగుతుందని 1993లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు తెలిపారు. సి.ఆర్.పి. కంటే త్వరగా పెరుగుతుంది. వైరస్ జ్వరాల్లో సాధారణంగా అంతగా పెరగదు. మందు పనిచేస్తుంటే రోజుకు సుమారు సగం చొప్పున తగ్గుతుంది. అందువల్ల యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపవచ్చో నిర్ణయించడానికి బాగా తోడ్పడుతుంది. పెద్ద ఆపరేషన్లు, కాలిన గాయాలు, కిడ్నీ జబ్బులలోను, పుట్టిన మొదటి రెండు మూడు రోజుల శిశువులలోను ఇన్ఫెక్షన్ లేకపోయినా ఎక్కువగా కనబడవచ్చు.

లాక్టేట్: అవయవాలకు రక్తం, ప్రాణవాయువు సరిగా అందడం లేదని హెచ్చరిస్తుంది. ఇది 2 మిల్లీమోల్స్ దాటితే వైద్యులు అప్రమత్తమవుతారు.

వీటితోపాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ కూడా చూస్తారు.

ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఈ పరీక్షల విషయంలో ఆ మాట చెల్లదు. జబ్బు తొలి గంటల్లో రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. అందుకే డాక్టరు రోగిని పరీక్షించి, అవసరమైతే రక్తం మళ్లీ తీయిస్తారు. "నిన్ననే చేయించాం కదా, మళ్లీ ఎందుకు?" అని విసుగుచెందవద్దు. అంకె పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం. రోగి పరిస్థితి విషమంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. సెప్సిస్ వల్ల బి.పి. పడిపోయినవారికి ఒక గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వాలన్నది వైద్యుల నియమం.

ఇంట్లో గమనించవలసినవి

• వణుకుతో కూడిన జ్వరం, లేదా ఒళ్లు చల్లబడటం
• ఆయాసం, వేగంగా ఊపిరి తీయడం
• మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం, మగత
• మూత్రం బాగా తగ్గిపోవడం
• కాళ్లు చేతులు చల్లబడి, చర్మం మచ్చలుగా మారడం
• పసిబిడ్డ పాలు తాగకపోవడం, నీరసంగా పడి ఉండటం

వృద్ధులలో, పసికందులలో జ్వరం లేకుండానే సెప్సిస్ రావచ్చని మరువకండి.

ఈ లక్షణాలు కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. పల్లెల నుండి ఇంకా దూరం. మన రాష్ట్రంలో 2005 నుండి నడుస్తున్న 108 అంబులెన్సును ఉచితంగా పిలవవచ్చు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. వాటివల్ల బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు. ఇప్పటికే వేసుకొని ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, మాత్రల అట్ట వెంట తెండి. పాత రిపోర్టులు కూడా తెచ్చుకోండి. గాయం తగిలిన వెంటనే సబ్బుతో, పారే శుభ్రమైన నీటితో కడిగి, టి.టి. ఇంజెక్షన్ గురించి అడగండి.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడు దారిలో గాయాలకు కట్టు కట్టడంతో సరిపెట్టుకోలేదు. ఆ మనిషిని సంరక్షణ దొరికే చోటికి చేర్చాడు. మన ఇంట్లో, మన వీధిలో, మన సంఘంలో ఎవరికైనా ఈ లక్షణాలు కనబడితే ప్రార్థనతోపాటు ప్రయాణం కూడా ఆ గడియలోనే మొదలుపెడదాం.