పాత పికప్‌కు వాడిన డీజిలు ఇంజను

సింగపూరు తూర్పు కొసన, విమానాశ్రయానికి సమీపంలో చాంగీ బిజినెస్ పార్క్ ఉంది. 1990ల చివర జె.టి.సి. సంస్థ అభివృద్ధి చేసిన ఈ ప్రాంతంలో నేడు బ్యాంకుల కార్యాలయాలు, కంప్యూటరు సంస్థలు బారులు తీరి కనిపిస్తాయి. ప్రతి ఉదయం ఎక్స్‌పో స్టేషనులో రైలు దిగి ఆ కార్యాలయాలకు నడిచి వెళ్ళే వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. వారిలో ఒక ఇంజనీరుకు కృష్ణా జిల్లా నుంచి తండ్రి ఫోను చేశాడనుకుందాం.

"ఒరే అబ్బాయ్, మన జీపు ఇంజను బోరుకొచ్చిందిరా. విజయవాడ ఆటోనగర్లో పాత డీజిలు ఇంజనొకటి దొరుకుతుందట. మేస్త్రీ ఎక్కించేస్తానంటున్నాడు. పెట్టించెయ్యమంటావా?"

వెనుక తొట్టితో పికప్‌గా మారిన ఆ పెట్రోలు జీపు ఎన్నో ఏళ్ళు ధాన్యం మోసింది, పెళ్ళివారిని మోసింది. దాన్ని పాత ఇనుముకు అమ్మడానికి పెద్దాయనకు మనసొప్పదు. కుమారుడు కిటికీలోంచి చూస్తే కింద సరుకు దించుతున్న చిన్న లారీలు, పికప్‌లు కనిపిస్తున్నాయి. వాటిలో ఏ ఒక్కదానికీ యజమాని తనకు తోచినట్లు మరో ఇంజను తగిలించుకోవడానికి వీల్లేదు. ఒకే యంత్రాన్ని ఇక్కడ ఒక విధంగా, అక్కడ మరొక విధంగా ఎందుకు చూస్తున్నారు? తండ్రికి ఏమని జవాబు చెప్పాలి?

ముందుగా డీజిలు ఇంజను స్వభావం తెలుసుకోవాలి. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన యంత్రాన్ని జయప్రదంగా నడిపి చూపాడు. ఇంధనంలోని శక్తిలో సుమారు 26 శాతాన్ని అది పనిగా మార్చగలిగింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అది అందని స్థాయి. 1900లో పారిస్ ప్రదర్శనలో అటువంటి ఇంజనును వేరుశనగ నూనెతో కూడా నడిపారు.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడి చాలు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. డీజిలు ఇంజను చేసేదీ అదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున చేస్తుంది. 27 డిగ్రీల గాలిని ఇరవయ్యో వంతుకు కుదిస్తే, గోడల ద్వారా పోయే వేడిని మినహాయించినా, దాని ఉష్ణోగ్రత సుమారు 580 డిగ్రీలకు చేరుతుంది. డీజిలు తనంతట తాను అంటుకోవడానికి 210 డిగ్రీల ప్రాంతం చాలు. ఆ మండే గాలిలోకి నాజిల్ ఇంధనాన్ని తుంపరగా చిమ్మగానే దహనం మొదలవుతుంది.

వాడిన ఇంజను కొనేవారు గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇక్కడే ఉంది. డీజిలు ఇంజనుకు ప్రాణం సంపీడనం. పిస్టను రింగులు అరిగి, సిలిండరు బోరు పెరిగితే గాలి పక్కలనుంచి జారిపోతుంది. ఇరవయ్యో వంతుకు బదులు పన్నెండో వంతుకు కుదించినంత ఫలితమే దక్కితే ఉష్ణోగ్రత 440 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అప్పటికీ ఇంధనం అంటుకుంటుంది గాని, ఆలస్యంగా అంటుకుంటుంది. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో పాటు ఎన్నోరెట్లు మారుతుంది కనుక ఆ 140 డిగ్రీల తేడా చిన్నది కాదు. చలికాలం ఉదయాన ఎంత తిప్పినా స్టార్టు కాని ఇంజను రహస్యం ఇదే. అందుకే పైకి రంగు వేసి మెరిపించిన ఇంజనును చూసి మోసపోకుండా, ప్రతి సిలిండరులోనూ సంపీడన పీడనాన్ని గేజితో కొలిపించాలి. ఆరోగ్యంగా ఉన్న పాతతరం ఇంజనులో అది చదరపు సెంటీమీటరుకు సుమారు 25 నుంచి 30 కిలోలు ఉంటుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి బాగా వెనుకబడి ఉంటే ఆ ఇంజనును వదులుకోవడమే మేలు.

పొగ రంగు కూడా వైద్యుడు చూసే నాడి వంటిదే. నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదన్నమాట. ఆ నలుపు మండకుండా మిగిలిన కర్బనం. నీలిపొగ వస్తే అరిగిన రింగుల సందునుంచి ఇంజను ఆయిల్ పైకెక్కి మండుతోంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంధనం మండకుండా ఆవిరిగా పోతూ ఉండవచ్చు, లేదా రేడియేటరు నీరు సిలిండరులోకి దిగుతూ ఉండవచ్చు.

మన ప్రాంతంలో ఈ ఇంజను మార్పిడి కొత్త విద్య కాదు. దేశంలో చాలాకాలం డీజిలు ధర పెట్రోలు ధరకంటె ఎంతో తక్కువగా ఉండేది. అందువల్ల పెట్రోలుతో పుట్టిన జీపులు, అంబాసిడర్లు ఎన్నో మేస్త్రీల చేతిలో డీజిలు బండ్లుగా మారాయి. 1980లలో మహీంద్రా జీపులలో వచ్చిన ప్యూజో ఎక్స్.డి.పి. ఇంజను ఇటువంటి మార్పిడులకు అనువైనదిగా పేరు పొందింది. దాని బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 83 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లకు లెక్కవేస్తే 2112 ఘన సెంటీమీటర్లు వస్తుంది. పాత పెట్రోలు జీపులోని హరికేన్ ఇంజను సుమారు 2200 ఘన సెంటీమీటర్లు. పరిమాణంలో రెండూ దాదాపు సమానం. డీజిలు ఇంజను శక్తి కొంత తక్కువే అయినా ఇంధనం ఖర్చులో రైతుకు కలిసివచ్చేది. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిలు ధరపై నియంత్రణ ఎత్తివేసిన తరువాత ఆ పాత లాభం చాలావరకు తగ్గింది. ఈ రోజు ఇంజను మార్చాలనుకునేవారు పాతకాలపు లెక్కను నమ్ముకోరాదు.

ఇంజను దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. డీజిలు ఇంజను బరువైనది. ముందు కమాను పట్టీలు, ఇంజను కూర్చునే బ్రాకెట్లు ఆ బరువుకు తగినవి కావాలి. గేర్‌బాక్సుతో కలిపే బెల్ హౌసింగ్ సరిపోకపోతే మధ్య ఒక పలకను తయారుచేయించాలి. ఆ పలకలో వెంట్రుకవాసి తేడా ఉన్నా షాఫ్టు వంకరగా తిరిగి బేరింగులు, క్లచ్‌ప్లేటు త్వరలో పాడవుతాయి. డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనంత వేగంగా తిరగదు కనుక వెనుక ఇరుసు గేరు నిష్పత్తి మార్చకపోతే బండి రోడ్డుమీద అరుస్తుందే గాని ముందుకు సాగదు. నాజిల్ నుంచి మిగిలిన ఇంధనం ట్యాంకుకు తిరిగి వెళ్ళడానికి మరొక గొట్టం, నీటిని వేరుచేసే ఫిల్టరు, పెద్ద బ్యాటరీ కూడా అవసరం.

వీటన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటుంది. చాలామంది దాన్ని బండి కదిలిన తరువాతే గమనిస్తారు. పెట్రోలు ఇంజను గాలిని ఒక తలుపు ద్వారా అదుపుచేస్తూ పీల్చుకుంటుంది. యాక్సిలరేటరు మీద కాలు తీయగానే ఆ తలుపు మూసుకొని లోపల పాక్షిక శూన్యం ఏర్పడుతుంది. పవర్ బ్రేకు ఉన్న బండిలో డ్రైవరు కాలికి బలాన్నిచ్చేది ఆ శూన్యమే. సాధారణ డీజిలు ఇంజనులో అటువంటి తలుపు ఉండదు. గాలి స్వేచ్ఛగా లోపలికి పోతుంది. వేగాన్ని నిర్ణయించేది ఇంధనం పరిమాణం ఒక్కటే. కాబట్టి ఆ శూన్యాన్ని సృష్టించే వేరొక పంపు తగిలించకపోతే బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. పైగా బండి ముందుభాగం అంతకుముందుకంటె బరువెక్కి ఉంటుంది. పది మంది కూలీలను ఎక్కించుకొని కాలువగట్టు దిగేటప్పుడు ఆ లోపం బయటపడితే మిగిలిన లెక్కలన్నీ వ్యర్థమే.

ఇక సింగపూరు ఎందుకు కఠినంగా ఉందో చూద్దాం. డీజిలు తుంపర మండేటప్పుడు రెండు దోషాలు పుడతాయి. తుంపర నడిమి భాగంలో ఆక్సిజను చాలక మసి ఏర్పడుతుంది. అంచుల్లో మంట మిక్కిలి వేడిగా ఉండడంవల్ల గాలిలోని నత్రజని, ఆక్సిజనుతో కలిసి నత్రజని ఆక్సైడులవుతుంది. ఈ రెండో చర్య మార్గాన్ని వివరించినవాడు రష్యన్ శాస్త్రవేత్త జెల్డోవిచ్. చిక్కేమిటంటే మంటను చల్లబరిస్తే ఆక్సైడులు తగ్గి మసి పెరుగుతుంది, వేడి పెంచితే మసి తగ్గి ఆక్సైడులు పెరుగుతాయి. అందుచేతనే ఆధునిక ఇంజనులో శుద్ధి పని చాలావరకు పొగగొట్టంలో జరుగుతుంది. మసిని వడపోత పట్టుకుంటుంది. ఆక్సైడులను యూరియా ద్రావణం నుంచి వెలువడే అమోనియా ఉత్ప్రేరకం సాయంతో తిరిగి నత్రజనిగా, నీటిగా మారుస్తుంది. పొలంలో చల్లే యూరియా, ఈ ద్రావణంలోని 32.5 శాతం యూరియా రసాయనికంగా ఒకటే. అయితే వేపపూత ఉన్న ఎరువును నీళ్ళలో కలిపి ఇందులో పోస్తే ఉత్ప్రేరకం చెడిపోతుంది.

యూరపులో 1992లో కారు డీజిలు ఇంజనుకు కిలోమీటరుకు 0.14 గ్రాముల మసి అనుమతించగా, యూరో 5 ప్రమాణం వచ్చేసరికి అది 0.005 గ్రాములకు దిగింది. అంటే ఇరవై ఎనిమిదో వంతు. సింగపూరు కొత్త డీజిలు వాహనాలకు 2006లో యూరో 4, 2014లో యూరో 5, 2018లో యూరో 6 ప్రమాణాలను విధించింది. 2025 నుంచి కొత్త డీజిలు కార్లను, టాక్సీలను రిజిస్టరు చేయడమే మానివేసింది. భారతదేశంలో కూడా డీజిలులోని గంధకం 2000లో పదిలక్షల పాళ్ళలో 2500 ఉండగా, 2020 ఏప్రిల్ నుంచి 10కి తగ్గింది. గంధకం ఉత్ప్రేరకానికి విషం కనుక ఇంధనం శుభ్రపడనిదే ఇంజను శుభ్రపడదు. డీజిలు పొగ మనుషులకు కేన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది.

పాతతరం ఇంజనులో ఈ శుద్ధి సాధనాలేవీ ఉండవు. కొత్తతరం ఇంజనును తెచ్చినా, దాని కంప్యూటరును, వడపోతను, ఉత్ప్రేరకాన్ని వదిలేసి ఒట్టి ఇంజనును మాత్రమే ఎక్కిస్తే దాని గొప్పతనమంతా పోయినట్లే. చట్టం కూడా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. రవాణా కార్యాలయాన్ని ముందుగా సంప్రదించకుండా ఇంజను మార్చినవారికి ప్రమాదం జరిగిన నాడు బీమా సంస్థతో తగవు తప్పకపోవచ్చు.

అయితే పాత వస్తువును బాగుచేసి వాడుకోవాలన్న పెద్దాయన బుద్ధి తప్పు కాదు. పోతపోసిన ఇనుము ఒక జీవితకాలంలో అరిగిపోదు. అరిగేవి రింగులు, బేరింగులు, లైనర్లు. వాటిని మార్చి, బోరింగ్ చేయించి, అదే ఇంజనును మళ్ళీ నిలబెట్టడం చాలాసార్లు సాధ్యమే. ఆర్.సి.లో ఒక్క అక్షరం మార్చనవసరం లేని, బ్రేకుల జోలికి పోనవసరం లేని మార్గం అది.

కాబట్టి చాంగీ నుంచి ఊరికి వెళ్ళవలసిన జవాబు ఇలా ఉంటే బాగుంటుంది. "నాన్నగారూ, తొందరపడకండి. ముందు మన ఇంజను విప్పించి, బోరింగ్‌కు పనికొస్తుందేమో చూపించండి. మార్చక తప్పదంటే మొదట ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కోండి. ఆ ఇంజనుకు కంప్రెషను కొలిపించండి. బ్రేకుకు వాక్యూమ్ పంపు పెడుతున్నాడో లేదో మేస్త్రీని గట్టిగా అడగండి. నేను సంక్రాంతికి వస్తాగా, ఆ బండి మీదే పొలానికి వెళ్దాం."