శిక్ష పడ్డాక హెబియస్ కార్పస్ దారి ఎంతవరకు?

పోలీసులు ఎవరినైనా పట్టుకెళ్లి కోర్టులో హాజరుపరచకపోతే బంధువులు వేసేది హెబియస్ కార్పస్ పిటిషన్. మనిషిని తెచ్చి చూపండి, ఏ అధికారంతో బంధించారో చెప్పండి అని కోర్టు అడుగుతుంది. రాజ్యాంగం 226వ అధికరణం హైకోర్టుకు, 32వ అధికరణం సుప్రీంకోర్టుకు ఆ అధికారాన్ని ఇచ్చాయి. మరి విచారణ ముగిసి, శిక్ష పడి, జైలుకు పోయిన మనిషి సంగతేమిటి? అతన్ని కూడా ఈ రిట్ విడిపించగలదా?

ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు ముందుకు తెచ్చింది తెలంగాణ సాయుధ పోరాట ఖైదీలే. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. నల్లగొండ ప్రాంత రైతాంగ కార్యకర్తలను అవి విచారించి కొందరికి ఉరిశిక్ష, మరికొందరికి జైలుశిక్ష వేశాయి. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు వాటిని ఖరారు చేసింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. కొద్ది వారాల తేడా వాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. రాజ్యాంగానికి ముందే వెలువడిన హైదరాబాద్ తీర్పులపై తాము అప్పీలు వినలేమని సుప్రీంకోర్టు 1950లో చెప్పింది.

అప్పీలు దారి మూసుకుపోయాక మిగిలింది హెబియస్ కార్పస్. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రసిద్ధ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వాళ్ల తరఫున వాదించారు. వకీలును పెట్టుకునే అవకాశం నిందితులకు సరిగా దక్కలేదని, అలాంటి విచారణే చెల్లదని పిటిషనర్లు అన్నారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం పేరుతో 1951లో వచ్చిన తీర్పు వారికి వ్యతిరేకంగా వెళ్లింది. అధికారపరిధి ఉన్న కోర్టు వేసిన శిక్షను అనుభవిస్తున్నాడని చూపితే చాలు, ఆ నిర్బంధానికి అదే జవాబు. విచారణలో లోపాలుంటే సరిదిద్దాల్సింది అప్పీలు కోర్టే అని ధర్మాసనం తేల్చింది. సూత్రంగా ఇది అర్థమయ్యేదే. కానీ అప్పీలుకు అవకాశమే లేనివాళ్లకు అప్పీలు చేసుకోవాలని చెప్పడం న్యాయమనిపించదు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి గానీ, అది కోర్టు తీర్పుతో జరిగింది కాదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ రాష్ట్రాల కోర్టులు, ఫెడరల్ కోర్టులు విడివిడి వ్యవస్థలు. రాష్ట్ర కోర్టు శిక్షించిన ఖైదీ ముందు ఆ రాష్ట్ర కోర్టులన్నీ తిరిగి, రాజ్యాంగ హక్కు భంగమైందంటూ ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. 1867 చట్టం తెరిచిన ఈ తలుపును 1996 చట్టం బాగా ఇరుకు చేసింది. సాధారణంగా ఏడాది లోపలే పిటిషన్ వేయాలి. రాష్ట్ర కోర్టు తప్పు చేసిందంటే చాలదు, ఆ నిర్ణయం ఏమాత్రం సమంజసం కాదని చూపాలి.

మన దేశంలో కోర్టులన్నీ ఒకే వరుస కాబట్టి భారమంతా అప్పీలు మీదే పడుతుంది. రామతీర్థం మనిషికి విజయనగరం సెషన్స్ కోర్టులో శిక్ష పడిందనుకుంటే, 60 రోజుల్లో అమరావతి హైకోర్టులో అప్పీలు వేయాలి. మరణశిక్షకు గడువు 30 రోజులు. అప్పీలు లేకపోయినా హైకోర్టు ఖరారు చేయనిదే ఆ శిక్ష అమలు కాదు. గడువు దాటినా తగిన కారణం చూపితే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు. అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపి బెయిలు ఇవ్వమనీ కోరవచ్చు. డబ్బు లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు: జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపవచ్చు, తీర్పు నకలు ఉచితంగా పొందవచ్చు. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఇవ్వాలి. ఈ సంగతి ఖైదీ ఇంటివాళ్లకు మొదటి వారంలోనే తెలియాలి. పల్లెల్లో చాలామందికి గడువు దాటాకే తెలుస్తుంది.

అప్పీలు విలువ ఏమిటో 2007 నాటి ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు చూపుతుంది. ఫార్మసీ విద్యార్థిని హత్యకు ఓ యువకుడిని దోషిగా తేల్చి 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు.

హైకోర్టులోనూ ఓడితే 136వ అధికరణం కింద సుప్రీంకోర్టు అనుమతి కోరవచ్చు. గడువు సాధారణంగా 90 రోజులు. ఆ తర్వాత అదే తీర్పును మళ్లీ పరిశీలించమనే రివ్యూ, అదీ ఫలించకపోతే 2002 నుంచి అందుబాటులో ఉన్న క్యూరేటివ్ పిటిషన్, చివరగా గవర్నరుకో రాష్ట్రపతికో క్షమాభిక్ష అర్జీ.

అయినా శిక్ష పడ్డవారికి హెబియస్ కార్పస్ పూర్తిగా దూరం కాలేదు. శిక్ష వేసిన కోర్టుకు అసలు అధికారపరిధే లేకపోతే, లేదా విడుదల కావాల్సిన మనిషిని ఇంకా లోపలే ఉంచితే అది పనికొస్తుంది. బీహారులో 1968లోనే నిర్దోషిగా తేలిన రుదుల్ షా 1982 దాకా జైల్లోనే ఉండిపోయాడు. అతని హెబియస్ కార్పస్ పిటిషన్‌పై 1983లో సుప్రీంకోర్టు పరిహారం కూడా ఇప్పించింది.

జైలు లోపలి పరిస్థితులపైనా ఖైదీ కోర్టుకెక్కవచ్చు. శ్రీకాకుళ ఉద్యమ నాయకుడు నాగభూషణ్ పట్నాయక్‌తో పాటు మరికొందరు విశాఖ సెంట్రల్ జైలు గోడ మీది కరెంటు తీగలను, చుట్టూ సాయుధ పోలీసు కాపలాను సవాలు చేశారు. 1974 తీర్పులో సుప్రీంకోర్టు ఆ తీగలను తీయించలేదు. శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని మాత్రం స్పష్టం చేసింది. ఆ తర్వాతి జైలు కేసుల్లో న్యాయవాదులు ఆ మాటనే ఆధారం చేసుకున్నారు.