చాదస్తం కాదు, జబ్బు

పెట్టెకు తాళం వేసి నాలుగడుగులు వేశాక, "వేశానా, లేదా?" అని వెనక్కి వచ్చి లాగి చూడడం మనలో చాలామందికి అలవాటే. ఒకసారి చూడగానే మనసు కుదుటపడుతుంది. కొందరికి మాత్రం ఇరవైసార్లు చూసినా కుదుటపడదు. దీన్నే వైద్యులు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అంటారు. వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచన ఒకటి, ఆ భయం పోవడానికి పదేపదే చేసే పని రెండోది. కడగడం, లెక్కపెట్టడం, సరిచూడడం ఇలాంటివే. చాలామందిలో ఇది చదువుకునే వయసులోనే మొదలవుతుంది.

"వాడికి ఆ మాత్రం తెలియదా?" అంటాం. నిజానికి ఈ జబ్బున్నవారిలో ఎక్కువమందికి తెలుసు. తెలిసీ ఆపలేకపోవడమే వారి బాధ. అయితే ఈ ఎరుక అందరిలో ఒకేలా ఉండదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 గ్రంథం దీన్ని మూడు స్థాయిలుగా చెప్పింది. తన భయం నిజం కాకపోవచ్చని గుర్తించేవారు, బహుశా నిజమేనని అనుకునేవారు, ముమ్మాటికీ నిజమేనని నమ్మేవారు. తీరిగ్గా ఉన్నప్పుడు "అదంతా భ్రమే" అన్న మనిషే, కుళాయి దగ్గర నిలబడగానే ఆ మాట నమ్మలేకపోవచ్చు.

మన హాస్టల్‌నే తీసుకుందాం. ఒక విద్యార్థి తన కంచాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు, నెలకిచ్చిన సబ్బు వారంలో అరగదీస్తాడు అనుకోండి. "అంటు" అనే మాటతో తరతరాలుగా గాయపడ్డవాళ్ళం మనం. అందుకే "మనల్ని తక్కువగా చూస్తున్నాడు" అని మనసు చివుక్కుమంటుంది. కానీ అంటరానితనం పాటించేవాడు ఎదుటివాణ్ణి హీనపరుస్తాడు. ఈ కుర్రవాడు తన చేతులను చూసి తానే భయపడుతున్నాడు. మనం ఏమనుకుంటున్నామో కూడా అతనికి తెలుస్తూనే ఉంటుంది. ఆ సిగ్గుతోనే ఒంటరిగా తింటాడు, ఎవరికీ చెప్పుకోడు.

అలాంటి మిత్రుణ్ణి ఎగతాళి చేయకూడదు. అలాగని "తాళం వేశావులే" అని అడిగిన ప్రతిసారీ చెబుతూ పోవడమూ మేలు కాదు. ఆ క్షణానికి ఊరట కలిగినా, అనుమానం మరింత బలపడుతుంది. "నీ భయం నాకు అర్థమైంది, డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం" అనడం మేలు.

ఈ జబ్బుకు చికిత్స ఉంది. భయపెట్టేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, కడగకుండా, సరిచూడకుండా ఉండడాన్ని నిపుణులు అభ్యాసం చేయిస్తారు. విక్టర్ మేయర్ 1966లో ప్రచురించిన అనుభవాలు ఈ పద్ధతికి పునాది. మందులూ ఉన్నాయి. అవి పూర్తిగా పనిచేయడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు కాబట్టి మధ్యలో మానకూడదు. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మిత్రులారా! జ్వరం వచ్చినవాణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్ళిన చేతులు మనవి. మనసుకు జబ్బు చేసినవాడికీ ఆ చేయి అందిద్దాం.