మీకు తెలుసా? సీసం మోతాదు చెప్పేది రక్తమే!

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మూడు కోట్ల టన్నులకు పైగా వ్యర్థం మాత్రం దిబ్బలుగా మిగిలింది. స్థానికులకు అవి ‘సైనైడ్ దిబ్బలు’. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లమీదే పడుతుంది.

ఆ దుమ్ములో సీసం ఉంటే ముందు నష్టపోయేది నేలమీద ఆడే పిల్లలే. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత, తెలివితేటలు తగ్గడం, చదువుపై ధ్యాస నిలవకపోవడం దాని ఫలితాలు. చాలాసార్లు పైకి ఏ లక్షణమూ కనిపించదు.

అందుకే రక్తపరీక్ష. వేలికొన రక్తంలో సీసం ఎక్కువ తేలితే సిర నుంచి మళ్లీ తీసి చూడాలి. ఎందుకంటే వేలి చర్మానికి అంటిన దుమ్ము కూడా లెక్క పెంచేస్తుంది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉంటే ఆ సీసం ఎక్కడిదో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. నిజానికి సురక్షితమైన మోతాదంటూ లేదు.

సీసం విషపరీక్షలకు పేరొందిన జాతీయ కేంద్రం కోలార్‌కు దూరాన వెలవలేదు: పక్కనున్న బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలోనే వెలిసింది. 1999లో వెలువడిన ‘ప్రాజెక్ట్ లెడ్‌ఫ్రీ’ సర్వే హైదరాబాద్, బెంగళూరు సహా ఏడు నగరాల్లో సగం మందికి పైగా పిల్లల్లో 10 మైక్రోగ్రాములు దాటిన సీసాన్ని చూపింది. మరుసటి ఏడాదే దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగింది.