వేరు వెతికేది తడిని, పునాదిని కాదు

కోనసీమలో ఇంటి గోడకు బారెడు దూరంలోనే కొబ్బరిచెట్టు ఉంటుంది. అయినా పునాది కదలదు. కొబ్బరికి తల్లివేరు లేదు, ఉన్నవన్నీ పీచువేళ్లే. అవి చిటికెన వేలంత లావుతో పుడితే, చెట్టుకు అరవై ఏళ్లొచ్చినా అంతే లావుంటాయి. తాటికీ పోకకూ ఇదే తీరు. మర్రి, రావి అలా కాదు, వాటి వేళ్లు ఏటేటా లావెక్కుతాయి. వాటికి ఊరి చెరువుగట్టే సరైన చోటు.

డ్రైనేజీ పైపులో వేళ్లు కనబడగానే చెట్టునే తిడతాం. నిజానికి మంచి పైపును వేరు పగలగొట్టడం అరుదు. ముందు అతుకు కారుతుంది, చుట్టూ మట్టి తడుస్తుంది. ఆ తడికి సన్నని పిల్లవేళ్లు గుబురుగా పెరిగి, అతుకు సందులోంచి లోపలికి దూరతాయి. ఛాంబర్ మూత తీసి లాగితే జడలా బయటికొచ్చేది అదే. పాత మట్టి గొట్టాలకు ఈ బాధ ఎక్కువ. అందుకే లీకు బాగుచేయకుండా ఎన్నిసార్లు వేళ్లు కోయించినా మళ్లీ వస్తాయి.

పెద్ద చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న మూడడుగుల మట్టిలోనే ఉంటాయి. గాలి ఆడేది అక్కడే మరి. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. మొదలు చుట్టూ సిమెంటు బిగించేస్తే వాటికి ఊపిరాడదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మన వాకిళ్లకూ ఆ మాట వర్తిస్తుంది.

నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్ల సంగతి వేరు. ఎండాకాలంలో చెట్టు తేమ లాగేస్తే మట్టి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పునాది ఒక పక్కకు దిగి, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా పగులుతుంది. పోనీ అని చెట్టు కొట్టేస్తే ఇంకో చిక్కు. ఏళ్ల తరబడి ఎండిన ఆ మట్టి మళ్లీ నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఈసారి పునాదిని పైకి నెడుతుంది. ఇంటికన్నా ముందు నుంచీ ఉన్న చెట్టయితే ఈ ముప్పు మరీ ఎక్కువ. గొడ్డలి పట్టేముందు ఇంజనీరుకు చూపించడం మేలు.

పిట్టగోడ మీద మొలిచే రావిమొక్క పక్షిరెట్టలోని గింజ నుంచి వస్తుంది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా పెకలించాలి, పైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది. ముదిరాక దాన్ని లాగడమూ ప్రమాదమే. కంబోడియాలోని తా ప్రోమ్ ఆలయంలో కొన్నిచోట్ల గోడల్ని చీల్చిన వేళ్లే ఇప్పుడు వాటిని పట్టుకుని నిలబెడుతున్నాయి. అక్కడ మన భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కూడా మరమ్మతులు చేసింది.

వేళ్లు నరకక తప్పకపోతే, మాను అడ్డకొలతకు కనీసం మూడు నాలుగింతల దూరం వదిలి నరకాలి. మొదలు దగ్గర ఉండేవి చెట్టును నిలబెట్టే వేళ్లు, అవి పోతే గాలివానకు ఆగదు. ఇక చెట్టే కొట్టాలంటే తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి తీసుకోవాలి.