పంది పెద్దపేగుకూ మేత కావాలి
సికింద్రాబాద్, హైదరాబాద్ చుట్టుపక్కల పందుల్ని పెంచేవాళ్లలో చాలామందికి దాణా హోటళ్ల ఎంగిలే. మిగిలిన అన్నం, బిర్యానీ, రొట్టె ముక్కలు డ్రమ్ముల్లో తెచ్చి పోస్తారు. ఖర్చు తక్కువ, పంది తొందరగా బరువెక్కుతుంది. కాకపోతే ఈ లెక్కలో పెద్దపేగును ఎవరూ కలపలేదు. అన్నంలోని పిండిపదార్థం చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతుంది. అది దాటి పెద్దపేగు దాకా వెళ్లేది ముఖ్యంగా పీచు. పంది సొంత ఎంజైములు దాన్ని అరిగించలేవు. పెద్దపేగులో గ్రాముకు వేల కోట్ల లెక్కన ఉండే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. ఇవి పేగు గోడ గుండా ఒంట్లోకి చేరి శక్తినిస్తాయి. అందులో బ్యుటిరిక్ ఆమ్లం పేగు గోడ కణాలకే ప్రధాన ఇంధనం. పైగా ఆ పులుపులో సాల్మొనెల్లా లాంటివి అంత తేలిగ్గా పెరగవు.

పీచు అందకపోతే ఆ బ్యాక్టీరియా పస్తులుండవు. అరగకుండా వచ్చిన మాంసకృత్తుల మీద పడతాయి. అప్పుడు పుట్టేవి అమ్మోనియా, అమైన్లు. పేగు లోపలి పొరకు చేటు చేసేవి. మాంసం ముక్కలు కలిసిన ఎంగిలి మేతలో ఈ ముప్పు ఎక్కువ. బస్తీవాళ్లు మొత్తుకునే కంపుకూ దీనికీ చుట్టరికం ఉంది. పులిసే పీచు బాగా అందితే బ్యాక్టీరియా పెరుగుతూ నత్రజనిని తమ ఒంట్లో కట్టుకుంటాయి. అది పేడలో పోతుంది. లేకుంటే యూరియాగా మూత్రంలో పోయి, నేల మీద పడగానే అమ్మోనియాగా మారుతుంది. చక్కెర బీట్‌రూట్ పిప్పి పెట్టి యూరప్‌లో చేసిన పరీక్షల్లో ఈ తేడా కనిపించింది.

చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రూపంలోకి మారి పెద్దపేగు దాకా వెళ్తుంది కదా, అది చాలదా అనవచ్చు. నిజమే, అదీ పులుస్తుంది. కానీ కొంతే, మళ్లీ వేడిచేస్తే ఇంకా తగ్గుతుంది. అసలు అభ్యంతరం వేరే ఉంది: పీచు పెరిగితే ఎదుగుదల తగ్గుతుందని. ఇందులోనూ నిజం ఉంది. పాలు మరిచిన పిల్లల పెద్దపేగు ఇంకా ముదరదు, వాటికి ఎక్కువ పీచు బరువే. అయితే పీచంతా ఒకటి కాదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్ లాంటి చోట పారేసే క్యాబేజీ పైరేకులు, క్యారెట్ ముక్కలు, గుమ్మడి తొక్కల్లో పెక్టిన్ ఉంటుంది. అది ఇట్టే పులుస్తుంది. వరి ఊకలో లిగ్నిన్, సిలికా ఎక్కువ. బ్యాక్టీరియా వాటి జోలికి పోవు. తవుడు పేరుతో ఊక కలిపి అమ్మేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ తవుడు మేపి ఎదుగుదల ఆగిందని పీచును తిట్టడం న్యాయం కాదు.

ఈడు ముదిరే కొద్దీ పులియబెట్టే శక్తి పెరుగుతుంది. తల్లి పందికి పెద్దపేగు పెద్దది, మేత అందులో ఎక్కువసేపు నిలుస్తుంది. కడుపుతో ఉన్న పందులకు కొలిచి మేత పెడతారు గనుక ఆకలి తీరక కొయ్యలు కొరుకుతాయి. వాటికి పీచు మేత ఇచ్చి తీరాలని యూరోపియన్ యూనియన్ 2001లోనే చట్టం చేసింది. అదే యూనియన్ ఆ తర్వాత హోటళ్ల ఎంగిలి మేపడాన్ని రోగాల భయంతో నిషేధించింది. ఇక్కడ ఎంగిలి మానడం అందరికీ కుదరదు, కనీసం బాగా ఉడికించాలి. అదే డేగిశాలో కూరగాయల తుక్కు వేసినా పీచు పోదు. మెత్తబడి బ్యాక్టీరియాకు ఇంకా సులువుగా అందుతుంది. ఒక్కసారిగా కాకుండా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచితే పేగు అలవాటు పడుతుంది, పారుడు రాదు.